అచ్చిబాబు పూడ్చిన చిల్లులు

హలో… అక్కా? ఆఁ, నేనేనే, నాగదుర్గని… గలాలీ నించే, ఇంకెక్కణ్ణించి. మా యజమాని బాబా ఇంటి వంటింట్లోంచి మాట్లాడుతున్నా.

లేదు లేదు, మదాం ఏమీ అనదు. తనే చేసుకోమంది ఫోను… నిజమే! నీకూ శుక్రవారం సెలవే కదా, పనేముంది?

అక్కా, ముందొకటి చెప్పు. మీ మరిది అక్కడికి గాని వచ్చేడా?

…

రాలేదా.

…నిజంగా రాలేదా?

సరేలే, అరవకు, ఊరికే అడిగేను… నిన్న సాయంత్రం టీ గ్లాసు సగంలో పెట్టేసి వెళ్ళిపోయేడు మనిషి… ఆఁ, బట్టలు కూడా సద్దుకోలేదు… మేం కొట్టుకోలేదే! నేనసలు ఒక్క మాటన్లేదు. అననిచ్చేడా?

సఖీరు లేబర్ క్యాంపుకా? అక్కడ మన ఊరి బుజ్జిబాబు ఉన్నాడనే కదా నీ ఊహ… అడిగేనే. వాళ్ళ ఫోర్‌మన్ ఫోనుకి చేసి మరీ అడిగేను. రాలేదన్నాడు.

ఏం జరిగిందంటే… అది ఒక్క ముక్కలో తెమిలేది కాదు. కుర్చీ లాక్కుని కూర్చో. మొదట్నించీ చెప్తా.

మా బాబా విమానం కట్టుకుంటున్నాడని చెప్పేను గుర్తుందా… నవ్వకు! అప్పుడూ ఇలాగే నవ్వేవు. బొమ్మ విమానం కాదే, మనుషులెక్కేదే. ఇద్దరు పడతారు. జన్మంతా ఎయిర్‌పోర్టులో సామాన్ల ఆఫీసులో చేసేడు కదా ఆ ముసలాయన… ఆఁ, ఊళ్ళోవాళ్ళ పెట్టెలన్నీ విమానాలెక్కించేడు గాని తనకి నడిపే రాత లేకపోయింది. రిటైరయ్యేక ఇంగ్లండు వెళ్ళి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. అక్కణ్ణించే విమానం ముక్కలు పెట్టెల్లో తెప్పించుకున్నాడు. మనం మంచం బిగించుకోమూ, అలాగ! ఒక్కోటీ బిగించుకుంటూ రావడమే. పెరట్లో దానికోసం పెద్ద షెడ్డేసేడు.

మదామా? ‘రిటైరైన మగాడు వంటింట్లో తిరిగేకంటే షెడ్డులో పడుండటం నయం’ అంటుంది.

మీ మరిదికి ఇక్కడ డ్యూటీ ఏంటి? కారు తోలడం, చెట్లకి నీళ్ళు పెట్టడం. ఆ చెట్లు ఎండి చీపుళ్ళైపోతున్నా సరే, ఈయనెప్పుడు చూసినా ఆ షెడ్డులోనే. బాబాకి చేతులు వణుకుతాయి కదా, పట్టుకోడానికీ బిగించడానికీ ఈయనే. ఇక రంగంటావా… నీకు తెలుసుగా, బెజవాడ ఆటోనగర్లో లారీ బాడీలకి లప్పం పెట్టి రంగులేసిన చెయ్యి. ఒళ్ళంతా తెల్లరంగు వేసేడు చూడూ, అద్దమే అనుకో. నేనోసారి అందులో చూసుకుని బొట్టు దిద్దుకున్నా.

వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఇక్కడ కాస్త చెవి పెట్టి విను, లేకపోతే నీకు మిగతాదేమీ అర్థం కాదు.

విమానంలో కూర్చుంటే ఎదురుగా గడియారాల్లాంటి మీటర్లు రెండుంటాయి. ఒకటి ఎంత స్పీడులో వెళ్తున్నావో చెప్తుంది. రెండోది ఎంత ఎత్తులో ఉన్నావో చెప్తుంది… కారులోనూ ఉంటుందనుకో. కానీ కారు స్పీడు చక్రం తిరగడాన్ని బట్టి తెలుస్తుంది. గాల్లో చక్రం తిరగదు కదా. మరెవరు చెప్తారు?

గాలే చెప్పాలి!

ఎలాగంటే… రెక్క కింద ముందుకి చూసేట్టు ఒక గొట్టం బిగిస్తారు. పీటో గొట్టం అంటారు దాన్ని… పీటో. పీట కాదే! ఎదురుగాలి తిన్నగా దాంట్లోకి కొడుతుంది. ఇక తోక దగ్గర, అటొకటీ ఇటొకటీ, సన్న చిల్లులు పెడతారు. వాటికి ఎదురుగాలి కొట్టదు, పక్కనించి జారిపోతుంది. ఊరికే ఉండే గాలి ఎంతో అదొక్కటే తెలుస్తుంది వాటికి.

అర్థం కాలేదా? నీ సామాన్లు పికప్పులో వేసుకుని ముహరక్ వంతెన మీద వచ్చేం చూడూ. లేచి నిలబడితే గాలి మొహం మీద చరిచింది, నీ చెంగు ఎగిరి బావ మొహానికి చుట్టుకుంది… ఆఁ, అదే. కేబిను చాటున కూర్చుంటే ఏమైనా తెలిసిందా? తెలీలేదు కదా. ఆ చరిచే గాలికీ, ఈ చాటు గాలికీ తేడా ఎంతో చూసి మీటరు స్పీడు చెప్తుంది. చాటు గాలి ఒక్కదాన్నే చూసి రెండో మీటరు ఎత్తు చెప్తుంది. పైకెళ్ళేకొద్దీ గాలి పల్చబడిపోతుందట.

నాకెలా తెలుసంటే… గొట్టం సంగతి మీ మరిది చెప్పేడు. తిండి దగ్గరా అదే, పడక దగ్గరా అదే. చిల్లుల సంగతి మాత్రం పొద్దున్న బాబా చెప్పేడు. అదే తమాషా. ఈయనకి గొట్టం తెలుసు, చిల్లులు తెలీవు. కొంప మునిగింది అక్కడే.

బాబా చిల్లులు వేసిన రోజు ఈయన ఇంట్లో లేడు. మదాంని మనామా సూకు బజారుకి తీసుకెళ్ళేడు. మీటర్ల దగ్గర్నించి తోకదాకా లోపల సన్న గొట్టాలు లాగి, డ్రిల్లు మిషనుతో ఆ రెండు చిల్లులూ వేసుకుని, అన్నం తిని పడుకున్నాడు బాబా. ఈయనొచ్చేడు. షెడ్డులోకెళ్ళేడు. మెరిసిపోయే తన తెల్లరంగు మీద చిల్లు! అటెళ్ళి చూస్తే అటూ చిల్లే!

ఏమనుకుని ఉంటాడు చెప్పు… ఆఁ, సరిగ్గా అదే! పాపం ముసలాయన చెయ్యి వణికి డ్రిల్లు జారిందనుకున్నాడు.

రెండు పక్కలా ఒకే చోట జారుతుందా అని ఒక్క నిమిషం ఆలోచించాలా వద్దా మనిషి? ఆలోచించలేదు. ముసలాయన లేచి చూసుకుంటే చిన్నబుచ్చుకుంటాడని ప్రేమ పొంగింది. గబగబా లప్పం కలిపి రెండు చిల్లులూ పూడ్చేసేడు. ఆరేక ఉప్పుకాగితం పెట్టి రుద్దేడు. పైన రంగు పూసేడు. ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

…

అక్కా, అదేంటి ఆ చప్పుడు?

జుర్రుమని… ఎవరో టీ సాసర్లో పోసుకు తాగుతున్నట్టు.

బావా? బావ టీ తాగుతాడా? … ఓహో, ఇప్పుడు మొదలెట్టేడా. మంచిదే, మంచిదే. తాగనీ.

ఎక్కడున్నాం? ఆఁ, లప్పం. ఆ విమానం ముక్కలతోపాటు వచ్చిన పుస్తకంలో ఏం రాసుందంటే, ఆ చిల్లు అంచులు వేలితో తడిమితే తెలీనంత నున్నగా ఉండాలట. బాబా మర్నాడు వెళ్ళి, కళ్ళజోడు లేకుండా, వేలితో తడిమేడు. తెలిస్తే కదా! ‘మాషా అల్లా, ఎంత బాగా కుదిరిందీ’ అని మురిసిపోయేడట.

నవ్వు, నవ్వు. నేనూ పొద్దున్న ఇలాగే నవ్వేను. కానీ మధ్యలో జరిగింది నవ్వేది కాదు.

తెల్లారి షెడ్డు తీసి చూస్తే విమానం ఉన్నచోటే ఉంది. చక్రాల కింద ఇటుకలు కూడా కదల్లేదు. స్పీడు ముల్లు మాత్రం గాల్లో దూసుకుపోతున్నట్టు చూపిస్తోంది! సరే, ఏదో అయుంటుందని వదిలేసేడు. ఎండ మండేసరికి ఆ ముల్లు సున్నా కిందకి నక్కింది. ఎత్తు చెప్పే ముల్లయితే, విమానం భూమిలోకి దిగబడిపోయిందంటోంది! మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఎగిరిపోతోంది. మధ్యాన్నం మళ్ళీ పాతాళానికి.

నేనైతే దిష్టన్నాను. అనడమేంటి, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేను. అప్పటికే మదాం తన లెక్కలో తను సాంబ్రాణి లాంటి బుఖూర్ పొగ వేసింది, అదీ దిష్టికే. రెండు పొగలూ కలిసి షెడ్డులోకి పోయి బాబా దగ్గలేక చచ్చేడు.

ఇక చూడు, ముసలాయన మీటర్లు విప్పేడు, పెట్టేడు. కొత్త మీటర్లు తెప్పించేడు. లోపల గొట్టాలు పీకి కొత్తవి లాగేడు. పీటో గొట్టాన్ని ఊడదీసి మళ్ళీ బిగించేడు. అన్నిట్లోనూ మీ మరిది పక్కనే ఉన్నాడు, స్పానర్లు అందిస్తూ. పాపం ఏమైందో ఏమో అనుకుంటూ తనూ తల గోక్కుంటూ!

ఆఁ, అదే కదా. పూడ్చినవాడు పక్కనే ఉన్నాడు, దానివల్లే ఇదంతా అని వాడికే తెలీదు.

ముసలాయన తిండి మానేసేడక్కా. నేను మచ్‌బూస్ వండితే… మన పులావు లాంటిదేలే… పళ్ళెంలో అటూ ఇటూ కెలికి లేచిపోయేవాడు. ఓ రోజు మదాంతో అంటుంటే విన్నాను. అరబీ నాకంతా అర్థం కాకపోయినా అది మాత్రం అర్థమైంది. ‘మీటర్లు బాగానే ఉన్నాయి, పాడైంది నా బుర్ర’ అన్నాడు. మదాం ఆయన వేళ్ళు పట్టుకుని కూర్చుంది.

నిన్న పొద్దున్న విమానం మీద టార్పాలిన్ కప్పేసేడు. మేనల్లుడికి ఫోన్ చేసి, శనివారం వచ్చి విప్పుకుని పట్టుకుపొమ్మన్నాడు. ‘ఖలాస్’ అన్నాడు. అంతే. షెడ్డు తలుపు మూసేసేడు.

…నువ్వే అలా అయిపోతే, చూసినదాన్ని నేనెలా ఉండాలి చెప్పు.

సాయంత్రం మీ మరిది టీ పట్టుకెళ్ళేడు. ఇద్దరూ షెడ్డు మెట్టు మీద కూర్చున్నారు. బాబా తనలో తను అనుకుంటున్నట్టు హిందీలో చెప్పుకుపోతున్నాడట. గొట్టం సరిగ్గానే పెట్టేను. మీటర్లు కొత్తవి. తోక దగ్గర చిల్లులు నా చేత్తోనే వేసేను… అని.

చిల్లులు అనేసరికి ఈయన మొహం చూడాలి! వంటింటి కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉంది. టీ గ్లాసు మెట్టు మీద పెట్టేడు. లేచేడు. నా దగ్గరికొచ్చి, ‘నాగా, తోక దగ్గరవి కావాలని వేసిన చిల్లులటే’ అన్నాడు. ఏ చిల్లులు, ఎవరేసేరు అని నేనడిగేలోపు పెరటి గుమ్మం దాటేసేడు. మళ్ళీ మనిషి లేడు.

ఈ పిచ్చిమాటేంటా అని కూర్చుని ఆలోచించేను. షెడ్డులో లప్పం డబ్బా మూత తీసుండటం గుర్తొచ్చింది. అప్పుడు వెలిగింది. అయ్యో, అయ్యో అని నోరు నొక్కుకున్నాను.

ఏం చెయ్యను? మొగుడు చేసిన పని నేనెలా చెప్పను? చెప్పకపోతే శనివారం ఆ విమానం ముక్కలైపోతుంది. పోనీ అవకుండా ఎవరైనా ఎక్కేడనుకో, ఆ ముళ్ళు నమ్ముకుని గాల్లోకి లేచేడనుకో… ఊహించుకో. పైగా మదాం తమ్ముడు రాత్రి అన్నానికొచ్చి గొణగడం మొదలెట్టేడు. పనివాడు చెప్పకుండా పోతే పారిపోయేడని పోలీసులకి రాయించాలి, కఫీలుకి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, అది తప్పదు అని. అలా గాని రాయిస్తే మీ మరిది పని ఖలాస్, నా పనీ ఖలాస్.

ఇంక లాభం లేదని పొద్దున్నే నేనే వెళ్ళేను బాబా దగ్గరికి.

నా అరబీ సంగతి నీకు తెలుసు కదా. ఈయన్ని అచ్చి అనే కదా పిలుస్తాడు, ‘బాబా, అచ్చి సక్కర్’ అన్నాను. సక్కర్ అంటే మూసేసేడని. ఆయనేమో అచ్చి తలుపు మూసేడా అంటాడు. కాదు బాబా. కారు డోరా? కాదు! కొళాయా? అయ్యో రామ! నా ముక్కు మూసి చూపించేను. జలుబు చేసిందేమోనని మందు తెమ్మని మదాంని కేకేసేడు.

నవ్వకే, నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఇంక ఆయన చెయ్యి పట్టుకున్నాను… పట్టుకున్నాను మరి! మదాం చూస్తూనే ఉంది. షెడ్డులోకి లాక్కెళ్ళి టార్పాలిన్ తప్పించి, తోక దగ్గర నిలబెట్టేను. చూస్తే ఎక్కడా చిల్లన్నదే కనబడదు. వెలుతురుకి వంగి, ఏటవాలుగా చూసేను. సూది మొనంత చోట రంగు కాస్త వేరుగా మెరిసింది. నా గాజుకున్న పిన్నీసు తీసి గుచ్చేను.

లప్పం ఊడింది. సుయ్‌మంది అక్కా. చిన్న గాలి. నా వేలికి తగిలింది. ఇన్నాళ్ళూ లోపల ఎవరో ఊపిరాడక ఉన్నట్టూ, ఇప్పుడు పీల్చుకున్నట్టూ…

బాబా మొహం మారిపోయింది. పరుగు! ఆ కాళ్ళతో పరుగెత్తి ముందరికెళ్ళి మీటర్లు చూసేడు. నేనూ వెళ్ళేను. స్పీడు ముల్లు సున్నా మీద కూర్చుంది. నిలబడ్డ విమానం నిలబడ్డట్టే చూపించింది.

తర్వాతా? తర్వాత… చెప్తాలే. అసలు తప్పంతా ఆ లప్పంలోనే ఉందిలే అక్కా. మీ మరిది చేతకానితనం. లారీలకి పెట్టేను, బస్సులకి పెట్టేనని ఒకటే గొప్పలు గాని ఏం పెట్టేడు? ఎగుడూ దిగుడూ. అట్టు మాడినట్టుంది. ఆటోనగర్లో చిన్న కుర్రాడు కూడా ఇంతకంటే నున్నగా…

ఎవరే ఆ అరిచింది?

‘ఎక్కడ ఎగుడూ దిగుడూ’ అని… బావేనా? బావ హోటల్లో దుప్పట్లు ఉతికేవాడు కదా, లప్పం మీద అంత పౌరుషమేంటి ఆయనకి?

చాల్లే అక్కా. టీ జుర్రినప్పుడే తెలిసింది నాకు… నీ మీద కోపమేంటి, నీ గుమ్మం తొక్కిన మనిషిని నువ్వు మాత్రం ఎలా పట్టిస్తావు. ఫోనియ్యి ఆయనకి.

…

ఇయ్యి, ఏమీ అనను.

…

ఆఁ. ఏవయ్యా. అన్నం తిన్నావా?

…నిన్న రాత్రి తిన్నావా?

నున్నగానే ఉందిలే! ఊరికే అన్నాను. ఎంత నున్నగా ఉందో కాబట్టే కదా ఇంత గొడవ. ఆ నున్నతనానికి ముసలాయన ప్రాణం మీదకొచ్చింది.

పోలీసులా? ఏ పోలీసులూ రాలేదు. మదాం తమ్ముడు పొద్దున్న మళ్ళీ ఆ మాటెత్తితే బాబా, ‘మా ఇంటి మనిషి మరదలి… కాదు, వదినగారింటికెళ్ళేడు, దానికి పోలీసులెందుకు’ అన్నాడు… ఆఁ, ఆయనకీ వరసలు నేర్పేవుగా, తప్పులతో సహా!

బాబాకి కోపమా? వచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలి, వచ్చింది.

చిల్లులు పూడ్చినందుక్కాదు. అవి చూసి కింద చతికిలబడి నవ్వేడయ్యా. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి. మదాంకి చూపించేడు, ‘నా చేతులు బాగానే పనిచేసేయి’ అని. అప్పుడు కూర్చోబెట్టి చెప్పేడు నాకు. చిల్లులు మూసుకుపోతే లోపల గాలి ఇరుక్కుపోయి, చలికి ముడుచుకుని, ఎండకి ఉబ్బుతుందట. ముళ్ళు ఆడింది దానికేనట. ఆ తర్వాత అడిగేడు, ‘అచ్చి ఏడీ’ అని.

పారిపోయేడని చెప్పేను. నీకు భయపడి అని చెప్పేను.

అదిగో, అప్పుడొచ్చింది కోపం. నన్ను చూసి పారిపోవడమేంటి అన్నాడు. ‘ఎప్పుడైనా చెయ్యెత్తేనా, గొంతెత్తేనా?’ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వే చెప్పు, ఎందుకు పోయేవు?

…ఏంటి?

గట్టిగా చెప్పు, వినబడలేదు.

…

…

అదా.

ఆయన అన్నం మానేసింది నీ వల్లేనని తెలిసి మొహం చూపించలేకపోయేవా. … మరి నాకా మాట చెప్పొచ్చు కదయ్యా. నేనేమో పోలీసులకి భయపడ్డావని రాత్రంతా తిట్టుకుంటూనే ఉన్నా.

సరే, సరే. ముక్కు తుడుచుకో. అక్క వాళ్ళ తువ్వాలుకి తుడవకు.

ఇప్పుడు చెప్పేది విను. చొక్కా వేసుకో… ఎందుకంటే ఎందుకా? బాబా వస్తున్నాడు అక్కడికి.

అరవకు! కూర్చో. నేను ఫోను చెయ్యకముందే పికప్పు తీసుకుని బయల్దేరేడు. తనే తోలుకుంటూ. నువ్వెక్కడికి పోతావో ఆయనకి తెలీదా ఏంటి, ఈ దేశంలో మనకున్న గుమ్మం అదొక్కటే కదా. ఉగాదికి మనల్ని జుఫైర్‌లో అక్కవాళ్ళింటి దగ్గర దింపింది ఆయనేగా. వంతెన మీద శుక్రవారం రద్దీ, చేరడానికి కాసేపు పడుతుంది, అందాకా అచ్చి అక్కణ్ణించి కదలకుండా చూడమన్నాడు. అందుకే కదా ఇంతసేపు ఊదరగొట్టింది! లేకపోతే నాకేం పని లేదా?

లేదు, మెట్ల మీంచి దిగడానికి వీల్లేదు. వెనక మెట్లూ వద్దు. ఏవయ్యా, ఇందాకేగా మొహం చూపించలేకపోయేనన్నావు. చూపించు. ఒక్కసారి చూపిస్తే అయిపోతుంది.

…

బెల్లు కొట్టేరా?

అక్కని తలుపు తియ్యమను. నువ్వు ఫోను పెట్టెయ్యకు. అలా బల్ల మీద పెట్టి వెళ్ళు, నేను వింటాను.

…

…

హలో?

…

అబ్బా, ఎవరో ఒకరు మాట్లాడండి… మదాం, లహ్‌జా, ఒక్క నిమిషం! వచ్చేడు బాబా, అక్కడికొచ్చేడు… ఏమో మదాం, ఏమీ వినబడట్లేదు.

…

అక్కా! ఫోను తియ్యవే! ఏమవుతోందక్కడ? నవ్వులా, ఏడుపులా?

ఆఁ… చెప్పు, చెప్పు.

చెవి మెలేసేడా! మంచి పని చేసేడు. రెండోది కూడా మెలెయ్యమను… తర్వాత? … తల మీద చెయ్యి పెట్టేడా. … ఈయన? … ఊఁ. … ఊఁ.

నువ్వేడవకే. నువ్వేడిస్తే నేనూ మొదలెడతా, ఇక్కడ మదాం చూస్తోంది.

కూర్చున్నాడా బాబా? టీ పెట్టు. పంచదార వెయ్యకు, ఆయనకి పడదు… ఏంటీ? అన్నమే అడిగేడా? నోరు తెరిచి అడిగేడా! ఏముంది మీ ఇంట్లో… పప్పుచారా? పెట్టు, పెట్టు! కారం ఎక్కువైందా ఏంటి… ఎక్కువైతే అయింది, మజ్జిగ పక్కన పెట్టు. మదాం, బాబా ఖానా! అవును, నిజంగా! అక్కడ ఖానా!

అక్కా, ఇక్కడ మదాం కూడా మొదలెట్టేసింది.

ఏంటి, ఏదో అంటున్నాడు బాబా… రెండో చిల్లు అలాగే ఉంచేడు అచ్చి కోసం, తెలుసు. పూడ్చినవాడి చేతే తీయిస్తానన్నాడు పొద్దున్న. ఇంకా ఏమంటున్నాడు?

ఎవర్నీ?

విమానంలో ఎక్కించుకుంటాడా? … ఈయన్నా?

ముందు ఆయనొక్కడే ఎగరేసి చూస్తాడా… ఆఁ, రూలే అయుంటుంది. ఆ తర్వాత పక్క సీట్లో అచ్చి… ఈయనేమంటున్నాడు? … బిగుసుకుపోయేడా? లారీ ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషి!

అక్కా, అక్కా, ఫోను బాబాకియ్యి.

ఇయ్యవే, చెప్తా!

…

బాబా? ఆఁ, నాగా. బాబా… చిల్లు… పిన్నీసు నాగా పిన్నీసు! అచ్చి సక్కర్, నాగా… నాగా తెరిచింది! సీటు నాగాది, బాబా. నాగా, ఫస్ట్. అచ్చి తర్వాత.

…

నవ్వకండి బాబా, నిజంగానే!

…

…

మళ్ళీ చెప్పండి?

…ఆఁ.

…ఆఁ, బాబా. షుక్రన్. షుక్రన్ బాబా. మదాంకి నేను చెప్తా… ఆఁ, అక్కకియ్యండి.

అక్కా.

…

సరేనన్నాడే.

భయమా… ఏమో. ఇంకా తెలీడంలేదు.

ఉంటా, వాళ్ళకి అన్నం చల్లారిపోతుంది. కానీ ఒక్కటి. ఊర్నించి తెచ్చుకున్న నీ ఉన్ని శాలువా ఉంది కదా, ఈ ఎండల్లో దేనికని ట్రంకు అడుగున పడేసేవు… అది కాస్త మీ మరిది చేతికిచ్చి పంపవే.

పైన చలేస్తుందట.